టైర్లు తినేసే పికప్‌కి కొత్త షాకబ్జార్లు: 40 వేల కిలోమీటర్లు తిరిగాక

షాకబ్జార్లు మార్చిన వారానికే సమీక్ష రాస్తే ఏ కంపెనీవైనా అద్భుతంగానే ఉంటాయి. చచ్చిపోయిన పాతవాటి మీంచి లేచి కొత్తవాటి మీద కూర్చున్నాం కదా, తేడా తెలియకుండా ఎలా ఉంటుంది? అందుకే 40 వేల కిలోమీటర్లు తిరిగి, వానాకాలాల బురద కూడా చూపించాకే రాస్తున్నాను.

బండి డబుల్ క్యాబ్ డీజిల్ పికప్, పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్ (మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి, కావాలంటే నాలుగూ లాగేలా మార్చుకోవచ్చు). ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి పట్టుకునే ఇనప చేతులు), కాయిల్ స్ప్రింగులు. వెనక కమాన్ పట్టీలు. మన దగ్గర తిరిగే హైలక్స్, వీ-క్రాస్‌లవీ ఇదే అమరిక కాబట్టి వాళ్లకీ ఇందులో చాలావరకు పనికొస్తుంది. నా తిరుగుడంతా నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి, అక్కణ్ణుంచి లోపలి ఊళ్లు. సీజన్‌లో కాఫీ, తర్వాత మిరియాలు. ఎక్కేటప్పుడు తొట్టి ఖాళీ, దిగేటప్పుడు నిండా మూటలు. లోపలికి వెళ్లేకొద్దీ తారు ఎక్కడ అయిపోతుందో, రాళ్లు ఎక్కడ మొదలవుతాయో ఆ ఏటి వానని బట్టి ఉంటుంది.

గొడవ చప్పుడుతో మొదలైంది. దిగువన మంచి తారు మీద 50 దాటగానే ముందు ఎడమ వైపు నుంచి గూమని ఒకటే మోత. ఒక వర్క్‌షాపులో విని, బండి కింద తల కూడా పెట్టకుండా హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగ్ పోయిందన్నారు. బేరింగ్‌కి డబ్బు కట్టే ముందు చేయగల పని ఒకటుంది, పైసా ఖర్చు లేనిది. ఆ వైపు ముందు చక్రాన్ని వెనక్కి, వెనక చక్రాన్ని ముందుకి మార్చి అదే రోడ్డు మీద అదే స్పీడులో నడపాలి. నేను అలా మార్చగానే మోత బండి వెనక వైపుకి వచ్చేసింది. బేరింగ్ హబ్‌లో ఉంటుంది, చక్రంతో పాటు ప్రయాణం చేయదు. కాబట్టి అరిచేది టైరే.

ఇక టైరుని చూడాలి. చూడడమంటే కళ్లతో కాదు, అరచేత్తో. చక్రం చుట్టూ బటన్ల (టైరు మీది రబ్బరు దిమ్మల) మీద చెయ్యి మెల్లగా పోనిస్తే మిట్ట, పల్లం, మళ్లీ మిట్ట, జానెడు దూరానికో గుంట తగిలింది. కంటికి మాత్రం ఇంకా సగం గాడి మిగిలున్న మంచి టైరులాగే ఉంది. చక్రం నేలని వదిలి ఎగిరి, దిగి, మళ్లీ ఎగురుతుంటే పడే అరుగుదల ఇది. దిగిన చోట రబ్బరు ఎక్కువ రాసుకుపోతుంది. షాకబ్జారు పని స్ప్రింగు ఊగడాన్ని ఆపడం. అది ఆపలేకపోతే ఆ ఊగడమంతా టైరు మీద ముద్ర పడుతుంది. బ్యాలెన్సింగ్ తప్పినా, బాల్ జాయింట్ (చక్రాన్ని పట్టుకునే కీలు) లూజైనా ఇలాంటి గుంటలే పడతాయి. అందుకే ముందు జాకీ వేసి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి, ఆడితే బేరింగో బాల్ జాయింటో. అటూ ఇటూ పట్టుకుని ఊపితే ఆడిందంటే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కీళ్లు). నా దాంట్లో ఏదీ ఆడలేదు. బ్యాలెన్స్ కూడా సరిగానే ఉంది.

నాలుగు టైర్లూ ఒకే జబ్బు చెప్పవు. ముందు రెండిటికీ బయటి అంచులు గుండ్రంగా అరిగాయి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే) షాపుల్లో దీన్ని చూడగానే టో తప్పిందంటారు, అంటే చక్రాలు నేరుగా కాక లోపలికో బయటికో తిరిగి ఉన్నాయని. టో తప్పితే టైరు వెడల్పు అంతటా రంపం పళ్లు లేస్తాయి. చెయ్యి లోపలి నుంచి బయటికి లాగితే ఒకలా, బయటి నుంచి లోపలికి లాగితే ఇంకోలా తగులుతుంది. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గుచ్చుకుంటూ. అది లేకుండా అంచులు మాత్రమే, అదీ ఎడమ, కుడి టైర్లు రెండిటికీ సమానంగా అరిగితే అది ఘాట్ మలుపుల పని. లోడుతో దిగుతూ హెయిర్‌పిన్ తిరిగితే బండి బరువంతా బయటి వైపు ముందు చక్రం అంచు మీదే ఉంటుంది. ఘాట్‌లో తిరిగే ఎవరి టైర్లైనా చూడండి. దీనికి మందు అలైన్‌మెంట్ కాదు, వేళకి టైర్లని ఒకదాని చోట ఒకటి మార్చి వేసుకోవడమే.

వెనక టైర్లు నడిమధ్యలో గుండయ్యాయి. ఇది గాలి సంగతి. డోర్ దగ్గరి స్టిక్కర్ మీద వెనక టైర్లకి ఖాళీ బండికి ఒక లెక్క, లోడుకి ఒక లెక్క ఉంటాయి, నా దాంట్లో రెండిటికీ 10 పీఎస్ఐ పైనే తేడా. లోడుకి కొట్టించిన గాలితోనే ఖాళీగా తిరిగితే టైరు మధ్యలో పొట్ట వేసుకుని అక్కడే అరుగుతుంది. ఇప్పుడు తొట్టిలో చిన్న ట్వెల్వ్ వోల్ట్ కంప్రెసర్ పెట్టుకున్నాను. ఈ సమీక్షలో రాసే వస్తువులన్నిటిలోకీ ఎక్కువ డబ్బు మిగిల్చింది అదే.

సరే, షాకబ్జార్లు. అందరూ చెప్పే పరీక్ష బానెట్ మీద చేతులు వేసి నొక్కి వదలడం. పికప్ మీద అది దండగ. ముందు స్ప్రింగు గట్టిది, వెనక పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుంటూ వాటంతట అవే ఊగుని కొంత ఆపుతాయి. షాకబ్జారు పూర్తిగా పోయినా బండి బుద్ధిగా నిలబడుతుంది. నర్సీపట్నంలో లారీలు చూసే పెద్ద మేస్త్రీ ఒకాయన చెప్పిన పద్ధతి దీనికంటే వంద రెట్లు నయం. "రాళ్ల రోడ్డు మీద పావుగంట తోలండి బాబూ. ఆపి నాలుగిటి మీదా సెయ్యెట్టి సూడండి. ఏది సల్లగుంటే అది సచ్చినట్టే" అన్నారు. మాట ముతకగా ఉన్నా సైన్సు సరైనదే. షాకబ్జారు లోపల పిస్టన్ నూనెలోంచి నడుస్తూ ఊగుడు శక్తిని వేడిగా మారుస్తుంది. పని చేసేది వేడెక్కుతుంది. చేయనిది ఎందుకు వేడెక్కుతుంది? నావాటిలో మూడు చెయ్యి ఎక్కువసేపు పెట్టలేనంత వేడి. ముందు ఎడమది గోరువెచ్చగా ఉంది. సైలెన్సర్ పైపు పక్కనుండేది మాత్రం ఊరికే కూడా వేడిగా ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. చెయ్యి కాల్చుకోకండి కూడా.

తర్వాత కింది బోల్టు విప్పించి వెనకవాటిని చేత్తో లాగి తోసి చూశాం. మంచిది మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో కదులుతుంది. వేడెక్కినదే అయినా వెనక కుడిదానిలో మధ్యలో ఒకచోట బిగువే లేదు, చెయ్యి జారినట్టు జారింది. పైన నూనె తడి మాత్రం లేదు. సీల్ దగ్గర పల్చగా చెమ్మ, దానికి అంటుకున్న దుమ్ము చూసి భయపడనక్కర్లేదు, అది మామూలే. నూనె ధారగా కిందికి కారితే మార్చాలి. కానీ కారకపోయినంత మాత్రాన బాగున్నట్టు కాదు. లోపలి వాల్వులు అరిగినా బయట పొడిగానే ఉంటుంది.

ఈ లోపల అలైన్‌మెంట్ కూడా చేయించాను. కాగితం మీద అంకెలన్నీ పచ్చగానే వచ్చాయి. కదలకుండా నిలబడిన బండిని కొలిచే యంత్రం అది. రాళ్ల మీద చక్రం ఏం చేస్తోందో దానికి తెలిసే అవకాశం లేదు. ఆ షాపులోనే టైర్ల కంపెనీ మంచిది కాదు, నాలుగూ మార్చేయండి అన్నారు. చచ్చిన షాకబ్జార్ల మీద కొత్త టైర్లు వేసుంటే అవీ కొన్ని వేల కిలోమీటర్లకే గుంటలు పడేవి.

కొన్నవి ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) గ్యాస్ షాకబ్జార్లు, నాలుగూ. ఇంటర్నెట్‌లో అందరూ మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండేవి) అంటారు. వేడిని అవి త్వరగా వదులుతాయి, నిజమే. కానీ వాటిలో బయటి గొట్టమే పిస్టన్ నడిచే సిలిండరు. ముందు చక్రం విసిరిన రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. ట్విన్ ట్యూబ్‌లో సొట్ట పైగొట్టానికి పడుతుంది, లోపలిది చాలావరకు బతుకుతుంది. ఏజెన్సీ రోడ్లకి నాకు రెండోదే నచ్చింది. ఇప్పటికి వెనకదాని మీద రెండు సొట్టలున్నాయి, పని మాత్రం ఆగలేదు. నాలుగిటికీ కలిపి ఒక జత మంచి టైర్ల ధర అయింది.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. రెండు సంగతులు చూడాలి. ట్విన్ ట్యూబ్‌ని పడుకోబెట్టి అమ్ముతారు, లోపల గ్యాస్ నూనెలో కలిసిపోయి ఉంటుంది. నిలబెట్టి కొన్నిసార్లు పూర్తిగా నొక్కి వదిలాకే బిగించాలి, లేకపోతే మొదట్లో టకటకమంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. రబ్బరు బుష్షులున్న (చుట్టూ రబ్బరు తొడుగు ఉండే) బోల్టుల చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే బుష్షు మెలిదిరిగిపోయి అలాగే ఉండిపోతుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. మా దగ్గర కుర్రాడు లిఫ్టు మీదే బిగించేస్తుంటే ఆపి దింపించాను. విసుక్కున్నాడు, పర్లేదు. ముందువి విప్పాం కాబట్టి అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. అది ఖర్చులో కలిపే లెక్క వేసుకోండి.

ఇక వాడకం. రాళ్ల రోడ్డు మలుపుల్లో వెనక భాగం పక్కకి గెంతడం ఆగింది. బ్రేక్ వేస్తే ముక్కు మీద పడడం తగ్గింది. లోడుతో ఘాట్ దిగుతుంటే స్టీరింగ్ మీద నమ్మకం వచ్చింది. అలలు తేలిన గ్రావెల్ రోడ్డు మీద పాత నూనె షాకబ్జార్లు కాసేపటికి మెత్తబడిపోయేవి, వేడికి లోపల నూనె నురగెత్తి. వీటిలో గ్యాస్ ఒత్తిడి ఆ నురగని అణిచిపెడుతుంది, అరగంట తర్వాత కూడా మొదట్లో ఉన్నట్టే ఉంటున్నాయి. ముందువాటికి పదికి తొమ్మిది.

వెనకవాటికి ఆరే. లోడుతో బాగున్నాయి గానీ ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకి తగులుతుంది. వెనక సీట్లో కూర్చున్న మా ఆవిడ మొదటి నెలలోనే తీర్పు చెప్పేసింది. 25 వేల దగ్గర ఒకదాని దుమ్ము తొడుగు చిరిగింది, 30 వేలు దాటాక కింది బుష్షు కిర్రుమనడం మొదలైంది. బుష్షు విడిగా దొరకదన్నారు. కొలత ఇచ్చి లోకల్‌గా పాలీ బుష్షు చేయించుకున్నాను, చప్పుడు పోయింది.

ఒకటి ముందే తెలుసుకోండి. కొత్త షాకబ్జార్లు వేసినా గుంటలు పడిన టైరు నున్నబడదు. ఆ పాత టైరు వెనక వేసుకుని అరిగేదాకా వాడాను. మోత కాస్త తగ్గింది, పోలేదు. ఆ తర్వాత వేసిన ఏటీ (ఆల్ టెరైన్, తారుకీ రాళ్లకీ పనికొచ్చే) టైర్లకి మాత్రం 8 వేలకోసారి స్టెప్నీతో కలిపి అయిదిటినీ మార్చి వేయిస్తున్నాను. చెయ్యి పోనిస్తే బటన్ల ముందంచు, వెనకంచు మధ్య కొద్దిగా తేడా తగులుతోంది, పెద్ద బటన్ల టైర్లకి అది మామూలే. గుంటలు ఎక్కడా లేవు. ఎండిన తారు మీద ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసుకుని ఘాట్ మలుపులు తిరిగే అలవాటు ఎవరికైనా ఉంటే మానండి. ముందు వెనక చక్రాలు వేరు వేరు దూరాలు తిరగాల్సిన చోట రెండిటినీ కట్టేసినట్టవుతుంది. రబ్బరూ అరుగుతుంది, ఇంజన్ శక్తిని ముందు వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ ఏడుస్తుంది.

మళ్లీ కొంటే ముందుకి ఇవే. వెనకకి మాత్రం కంపెనీ ఇచ్చే మామూలు నూనెవి వేయిస్తాను. ఎప్పుడూ లోడుతోనే తిరిగే బండైతే వెనకకీ ఇవే తీసుకోండి.