ఓపెన్‌క్యాప్: రెండు ఫోన్ల కొలతను ఎంతవరకు నమ్మొచ్చు?

ఒంటికి మార్కర్లు (కదలికను గుర్తించడానికి అంటించే చిన్న గుర్తులు) అంటించకుండా, రెండు ఐఫోన్ల (లేదా ఐప్యాడ్ల) వీడియోతో కీళ్ల కోణాలు లెక్కగట్టే వ్యవస్థ ఓపెన్‌క్యాప్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తయారైంది, విద్యా పరిశోధనకు ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లతో పని జరగదు.

ఫలితం బాగుంటుందో లేదో సగం అమరికలోనే తేలిపోతుంది. రెండు ట్రైపాడ్‌లను మనిషికి ముందువైపు, చెరో పక్క 30 నుంచి 45 డిగ్రీల కోణంలో నిలపాలి. కాలిబ్రేషన్‌కి, అంటే కెమెరాల స్థానాలు, కొలతలు సరిచూడటానికి వాడే నలుపు తెలుపు గళ్ల కాగితాన్ని ప్రింట్ తీసేటప్పుడు పేజీకి తగ్గట్టు కుదించే సెట్టింగ్ తీసేయండి, తర్వాత గడిని స్కేలుతో కొలవండి. 35 మి.మీ. ఉండాల్సిన గడి 33 వస్తే, పొడవులన్నీ దాదాపు 6 శాతం ఎక్కువ చూపిస్తాయి. తప్పు జరిగిందన్న హెచ్చరిక కూడా రాదు. కాగితాన్ని వంగని అట్టకు అతికించాలి. కాలిబ్రేషన్ అయ్యాక ట్రైపాడ్‌కి కాలు తగిలిందంటే మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. వదులు బట్టలు వద్దు, తుంటి ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కి అందదు. తర్వాత పాదాలు ముందుకు, వీపు నిటారుగా, చేతులు ఒంటికి కాస్త ఎడంగా పెట్టి కదలకుండా నిలబడాలి. శరీర నమూనా కొలతలన్నీ ఈ భంగిమ నుంచే వస్తాయి గనుక ఇక్కడ తొందరపడకూడదు.

దీని రూపకర్తలు 2023లో వెలువరించిన పరిశోధన పత్రం ప్రకారం, మార్కర్లతో చేసే ప్రయోగశాల కొలతతో పోలిస్తే కీళ్ల కోణాల్లో సగటు తేడా 4.5 డిగ్రీలు. మోకాలు 90 డిగ్రీలు దాటి ముడుచుకునే స్క్వాట్‌లో ఇది పెద్ద లెక్క కాదు. శిక్షణకు ముందూ తర్వాతా ఒక మనిషిలో 3 డిగ్రీల మార్పు వచ్చిందని చెప్పుకోవడం మాత్రం సాహసమే.

గాయాల నివారణ కోసం దీన్ని వాడాలనుకునేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి పడుతోందా అన్నదే వాళ్లకు కావాలి. దీని నమూనాలో మోకాలికి స్వేచ్ఛగా ఉన్నది ముడుచుకోవడం, చాచడం మాత్రమే. పక్కకు వంగే కోణం విడిగా రాదు. తుంటి లోపలికి వాలడం, తిరగడం చూసి ఊహించాలి. అంతకంటే రెండు మోకాళ్ల మధ్య దూరాన్ని చీలమండల మధ్య దూరంతో భాగించి చూడటం నయం. దానికి కావాల్సిన, వీడియో నుంచి లెక్కగట్టిన మార్కర్ స్థానాలు డౌన్‌లోడ్ ఫైళ్లలోనే ఉంటాయి.

గెంతడానికి సెకనుకు 60 ఫ్రేములు చాలవు. ఏసీఎల్ (మోకాలి లోపలి ఒక లిగమెంట్) గాయాలు పాదం నేల తాకిన సుమారు 40 మిల్లీసెకన్లలోనే జరుగుతాయని వీడియో విశ్లేషణలు చెబుతున్నాయి. 60 దగ్గర ఆ వ్యవధికి దక్కేది రెండు మూడు ఫ్రేములే. 120 లేదా 240 పెట్టండి. అప్పుడు ఒక్కో రికార్డింగ్ నిడివి తగ్గుతుంది, వెలుతురు ఎక్కువ కావాలి.

నేల నుంచి వచ్చే బలాన్ని ఇది కొలవదు, సిమ్యులేషన్‌తో అంచనా కడుతుంది. ఆ పని వెబ్‌సైట్‌లో ఒక్క నొక్కుతో అయ్యేది కాదు, పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు సొంత కంప్యూటర్‌లో చేసుకోవాలి. ఫోర్స్ ప్లేట్ (ఆ బలాన్ని నేరుగా కొలిచే పలక) ఉన్నవాళ్లు దాన్ని అమ్మేయకండి! వీడియోలు సర్వర్‌కు వెళ్తాయి కాబట్టి ఆ సంగతి కూడా సమ్మతి పత్రంలో రాయించుకోవాలి.