పాషాణపు ధూళి పీల్చినవారికి ఏ పరీక్ష: రక్తమా, మూత్రమా?

బొగ్గు బూడిదలో పాషాణం, అంటే ఆర్సెనిక్ అనే విషపదార్థం, స్వల్పంగా ఉంటుంది కాబట్టి, రామగుండం వంటి చోట బాయిలర్ల లోపలికి దిగి బూడిద తీసే కార్మికులకు ఈ ప్రశ్న దూరపుది కాదు.

పీల్చిన ధూళిలో నీటిలో కరిగే తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్, ఊపిరితిత్తుల నుంచి త్వరగా రక్తంలోకి చేరుతుంది. అయితే కొన్ని గంటల్లోనే అందులో అధికభాగం రక్తాన్ని విడిచిపోతుంది గనుక, సోమవారం పీల్చినదాన్ని గురువారం తీసిన రక్తం చెప్పలేకపోవచ్చు.

మూత్రం కథ వేరు. కాలేయం ఆర్సెనిక్‌కు మిథైల్ సమూహాలను జోడించి, మోనోమిథైల్, డైమిథైల్ రూపాలుగా మారుస్తుంది. మూత్రపిండాలు వాటిని కొన్ని రోజులపాటు బయటికి పంపుతూ ఉంటాయి, అందులో సాధారణంగా 60 నుంచి 80 శాతం డైమిథైల్ రూపమే. అందుకే అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించిన లీటరుకు 35 మైక్రోగ్రాముల ప్రమాణం, పనిచేసిన వారం చివర తీసిన మూత్రానికే వర్తిస్తుంది. నా దృష్టిలో క్రమం తప్పని పర్యవేక్షణకు ఇదే సరైనది. కానీ సముద్రపు చేపలు, రొయ్యలు తిన్నవారిలో ఆర్సెనోబెటైన్ అనే హానిచేయని ఆర్సెనిక్ రూపం మొత్తం లెక్కను పెంచుతుంది. కాబట్టి ముందు మూడు నాలుగు రోజులు వాటిని మానాలి, లేదా రూపాలను వేరుచేసి కొలవమని కోరాలి.

ఆర్సెనిక్, హైడ్రోజన్ కలిసిన ఆర్సీన్ వాయువు పీల్చినప్పుడు మాత్రం రక్తపరీక్షకు ఆలస్యం తగదు, ఎందుకంటే అది ఎర్రరక్తకణాలనే పగలగొడుతుంది. ఎలక్ట్రానిక్ చిప్‌ల తయారీలో వాడే గాలియం ఆర్సెనైడ్ వంటి సరిగా కరగని రేణువులు ఊపిరితిత్తుల్లోనే నిలిచిపోతాయి కనుక, వాటి విషయంలో మూత్రపు అంకె తక్కువగా వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు.