పాట ఉచితం, పడకకు 324 డాలర్లు

శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో ఏటా అక్టోబరు మొదట్లో జరిగే హార్డ్‌లీ స్ట్రిక్ట్‌లీ బ్లూగ్రాస్ అనే సంగీతపు పండగకి మూడు రోజులూ టికెట్ లేదు. బ్లూగ్రాస్ అంటే ఫిడేలు, బాంజో లాంటి తీగవాయిద్యాలతో సాగే అమెరికన్ పల్లె బాణీ. వారెన్ హెల్మన్ అనే ఫైనాన్స్ పెద్దమనిషి 2001లో సొంత డబ్బుతో మొదలుపెట్టాడు. ఆయనకి బాంజో పిచ్చి. పోతూ పోతూ పండగ ఆగకుండా నిధి వదిలి వెళ్లాడు. అలా మిగిలిందంతా మేం మోటెల్‌వాడికి సమర్పించుకున్నాం.

ఓషన్ బీచ్ దగ్గర శనివారం రాత్రికి రూము 289 డాలర్లు. తాళం చేతికిచ్చే ముందు పార్కింగ్‌కి ఇంకో 35 అన్నాడు. ఇదెక్కడ రాశారంటే ఫోన్‌లో చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు. హీటర్ రాత్రంతా గురక పెట్టిందే గానీ వేడి రాలేదు. ఇంకో దుప్పటి అడిగితే లేవన్నాడు. మామగారు స్వెటరు మీద నా జాకెట్ వేసుకుని, మంకీ క్యాప్‌తో పడుకున్నారు. పొద్దున్నే, "బ్యాండుమేళం వినడానికి ఇంత దూరం రావాలా?" అన్నారు. మా ఆవిడ నా వంక చూడనే లేదు.

కారు మాత్రం తీయకండి. 5 ఫుల్టన్ బస్సు పార్కు పక్కనే దింపుతుంది, చిల్లర ఇస్తే 3 డాలర్లు.

మొదట విన్న కుర్ర బ్యాండు పేరు గాలిలో కొట్టుకుపోయింది. ఐదుగురికీ ఒకటే మైకు. ఎవరి వంతుకి వాళ్లు ముందుకి దూరి, వాయించి, పక్కకి జారుకుంటున్నారు. ఫిడేలు పిల్ల కమాను పక్కవాడి చెవి పక్కనుంచి పోతోంది, తగలదు! మామగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ద్వారం వారి వయొలిన్ రికార్డులు వింటూ పెరిగిన మనిషి. బాంజో ఐదో తీగ పొట్టిది, దాని బిరడ మెడ మధ్యలోనే ఉంటుంది. అది ఒకే స్వరం పట్టుకుని మోగుతుంటే, "శ్రుతి వేసుకుంటున్నాడోయ్!" అన్నారు. పెడల్ స్టీల్ గిటార్ దగ్గర ఇంకా హుషారు. కూర్చుని, కాళ్లతో పెడళ్లు నొక్కుతూ స్వరాన్ని సాగదీస్తుంటే అది గమకమేనని తేల్చేశారు. డ్రమ్స్ హోరెత్తించిన రాక్ బాపతు బ్యాండుని మాత్రం పులిహోర తింటూ భరించాం.

ఆదివారం చివరి పాట గాయని ఎమ్మిలూ హ్యారిస్‌దే, ఆనవాయితీ. తెల్లజుట్టు, గొంతులో కాస్త జీర. గడ్డి మీద అన్ని వేలమంది ఉన్నా చప్పుడు లేదు.

బస్సెక్కాక మామగారు, "ఇది శుక్రవారం నుంచీ జరుగుతోందటగా, ముందే తీసుకురావొద్దూ?" అని నా మీదే విసుక్కున్నారు.