బీడీఏ ట్రేసర్: ఏళ్ల తరబడి వాడాక

ఎలుక మోటార్ కార్టెక్స్‌లో (కదలికల్ని నడిపే మెదడు పైపొర) పది వేల డాల్టన్ల అణుభారమున్న బీడీఏ (బయోటినిలేటెడ్ డెక్స్‌ట్రాన్ అమీన్, నాడీకణాల దారి చూపే ట్రేసర్) ఎక్కించి, రెండు మూడు వారాలు ఆగి, వెన్నుపాములో దాని దారి వెతకడం మా ల్యాబ్‌లో ఏళ్లుగా సాగుతున్న పని. దీనిమీద నా మోజు ఇంకా తగ్గలేదు. ఆక్సాన్ (న్యూరాన్ నుంచి సాగే పొడవాటి తీగ) కొసదాకా నిండిపోవడమే అందుకు కారణం. డాబ్ (ట్రేసర్ ఉన్నచోట గోధుమరంగు తెచ్చే రసాయనం) రంగు పట్టాక ఆయిల్ లెన్స్ కింద చూస్తే, వెన్నుపాము వెనక భాగమైన డార్సల్ కాలమ్ అడుగు నుంచి గ్రే మ్యాటర్‌లోకి మళ్లిన సన్నని కొమ్మ, దానివెంట పూసలు గుచ్చినట్టు బూటాన్లు (మరో న్యూరాన్‌కు సంకేతం అందించే ఉబ్బులు). ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. పైగా ఫ్లోరసెంట్ రంగుల్లా వెలిసిపోదు. ఓ రివ్యూయర్ అడిగితే పాత స్లైడ్లు తీసి మళ్లీ లెక్కించగలిగాం.

దెబ్బ తగిలింది మెదడు లోపలి భాగమైన స్ట్రయాటమ్ దగ్గర. 1992లో వచ్చినప్పటి నుంచీ దీన్ని కణం నుంచి ఆక్సాన్ చివరికి వెళ్లే ట్రేసర్‌గానే చెబుతారు, వెనక్కి వెళ్లేది మూడు వేల డాల్టన్లదని. ఆ భరోసాతోనే కార్టెక్స్ నుంచి స్ట్రయాటమ్‌కు వెళ్లే ఆక్సాన్లు కొలిచాం. తీరా అవే మెదళ్లలో, కార్టెక్స్‌కు సమాచారం పంపే థాలమస్ చూస్తే ముదురు గోధుమరంగు మచ్చలు! రక్తం పూర్తిగా కడిగిపోకపోతే ఎర్ర రక్తకణాలూ డాబ్‌తో అలాగే కనిపిస్తాయి, అవేమో అనుకున్నాం. లెన్స్ మార్చాక డెండ్రైట్లు (న్యూరాన్ పొట్టి కొమ్మలు) తేలాయి. అవి థాలమస్ న్యూరాన్లు. వాటి ఆక్సాన్ చివరలు ఇంజెక్షన్ చోట ట్రేసర్‌ను పీల్చి వెనక్కి పంపాయి. అలాంటి న్యూరాన్లలో కొన్నిటి కొమ్మలు స్ట్రయాటమ్‌కూ వెళ్తాయి. మరి మనం కొలిచిన ఆక్సాన్ కార్టెక్స్‌దా, థాలమస్‌దా? స్లైడ్ చూసి చెప్పే దారి లేదు. నెలల లెక్కలు పక్కన పడేశాం. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

బూటాన్లన్నీ లెక్కకొస్తాయన్నది కూడా పలుచటి సెక్షన్ల (కోసిన కణజాలపు ముక్కల) మాటే. సెక్షన్ మందమైతే రంగు మధ్యదాకా ఎక్కదు, లెక్క తగ్గుతుంది. వెన్నుపాములో థాలమస్ లాంటి చిక్కు దాదాపు రాదు గానీ, ఎదుటి వైపు కార్టెక్స్‌లో కణాలు కూడా ట్రేసర్‌తో నిండాయేమో చూడనిదే ఎడమ కుడి లెక్క మొదలుపెట్టను.

ఏ రకం న్యూరాన్ అన్నది ముఖ్యమైతే, క్రీ ఎలుకలూ (ఎంచుకున్న రకం కణాల్లోనే జన్యుమార్పు జరిగేలా చేసినవి) ఏఏవీలూ (జన్యువును మోసుకెళ్లే వైరస్‌లు) అందుబాటులో ఉన్నవాళ్లు వాటితో వెళ్లడమే మేలు. మాకున్నవి ఫ్రీజింగ్ మైక్రోటోమ్, మామూలు బ్రైట్‌ఫీల్డ్ మైక్రోస్కోప్. పని వెన్నుపాము గాయాల మీద. కాబట్టి నేను బీడీఏతోనే ఉంటాను, స్ట్రయాటమ్ జోలికి మాత్రం దీనితో వెళ్లను.