నీట్ మెటీరియల్, మాక్ టెస్టులు: రెండేళ్లు వాడాక మిగిలినవి

రెండేళ్ల నీట్ (వైద్య ప్రవేశ పరీక్ష) ప్రిపరేషన్‌లో ఎన్ని పుస్తకాలు చేరినా చివరి నెలదాకా బల్ల మీద ఉండేవి మూడే: ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ పాఠ్యపుస్తక సంస్థ) 11, 12 తరగతుల పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, ఒక టెస్ట్ సిరీస్. షార్ట్ నోట్సులు, మైండ్ మ్యాపులు, లావుపాటి బిట్ బ్యాంకులు సగంలోనే అటకెక్కుతాయి. వాటి మీద పెట్టే సమయమే అసలు నష్టం.

బయాలజీలో 90 ప్రశ్నలకు 360 మార్కులు, అంటే 720లో సరిగ్గా సగం. ఇందులో చాలా భాగం ఎన్‌సీఈఆర్‌టీ వాక్యాల నుంచే వస్తుంది. ఒక్క పదం మార్చిన స్టేట్‌మెంట్లు, జతపరచడాలు, బొమ్మల్లోని భాగాల పేర్లు ఎక్కువ. కాబట్టి పాఠం ఎన్నిసార్లు చదివారన్న లెక్క పెద్దగా పనికిరాదు. పుస్తకం మూసి, బొమ్మ గీసి, భాగాలన్నీ గుర్తించగలిగితేనే ఆ పేజీ వచ్చినట్టు. పట్టికలు, బొమ్మ కింద ఉండే చిన్న అక్షరాల వివరణ, చివర్లో ఉండే సారాంశం, ఈ మూడింటినీ ఎక్కువమంది వదిలేస్తారు. మార్కులు పోయేది అక్కడే.

ఎడిషన్ విషయంలో జాగ్రత్త. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల కుదింపు 2022లో జరిగింది. నీట్ సిలబస్‌ను జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో విడిగా సవరించింది. ఈ రెండూ అచ్చంగా కలవవు. కెమిస్ట్రీలో పీ-బ్లాక్ పాఠం కొత్త పన్నెండో తరగతి పుస్తకంలో లేదు, కానీ నీట్ సిలబస్‌లో 13 నుంచి 18 దాకా గ్రూపులన్నీ ఉన్నాయి. ఆ ఒక్క పాఠానికి పాత ఎడిషన్ దగ్గర పెట్టుకోవాలి. బోటనీలో మాల్వేసి, క్రూసిఫెరె, లెగ్యూమినోసి, కంపాజిటే, గ్రామినే అనే మొక్కల కుటుంబాలు సిలబస్‌లో పేర్లతో సహా ఉన్నాయి. వాటికి వేరే పుస్తకం చూడక తప్పదు. ఫిజిక్స్‌లో వెర్నియర్, స్క్రూగేజ్ లాంటి ప్రయోగ నైపుణ్యాలు, కెమిస్ట్రీలో ప్రాక్టికల్ సూత్రాలు కూడా చేరాయి. ల్యాబ్ మాన్యువల్‌ని పక్కన పడేయకండి.

ఇదే సంగతి టెస్ట్ సిరీస్‌ని పరీక్షించడానికీ పనికొస్తుంది. ఘనస్థితి, ఉపరితల రసాయనం, పాలిమర్లు నీట్ సిలబస్‌లోంచి పోయాయి. గ్రాండ్ టెస్టులో (పూర్తి సిలబస్ మాక్ పేపర్‌లో) ఇవి ఇంకా కనిపిస్తుంటే అది పాత సరుకుకే కొత్త అట్ట వేసినట్టు. డబ్బు కట్టే ముందు ఉచితంగా ఇచ్చే నమూనా పేపర్ ఒకటి తీసుకుని ఇంకో రెండు పనులు చేయాలి. బయాలజీలో ఏవైనా 20 ప్రశ్నలు ఎంచుకుని ఒక్కోదానికి ఎన్‌సీఈఆర్‌టీలో ఆధారమైన వాక్యమో బొమ్మో వెతకండి. కనీసం 15కి దొరక్కపోతే ఆ సిరీస్ వద్దు. తర్వాత, కీతో మీ జవాబు కలవని ప్రతి ప్రశ్ననీ పుస్తకంతో సరిచూడండి. ఒకే పేపర్లో మూడు కీలు తప్పని తేలితే వదిలేయండి. తప్పు కీ మార్కులు తగ్గించడంతో ఆగదు. సరిగ్గా వచ్చినదాన్ని కూడా అనుమానించే అలవాటు చేస్తుంది, అది పోవడానికి వారాలు పడుతుంది.

సొల్యూషన్ల తీరు కూడా చూడాలి. “ఆప్షన్ 3 సరైనది” అని తేల్చేసే సొల్యూషన్ దండగ. మిగతా మూడూ ఎందుకు తప్పో చెప్పేదాన్నే తీసుకోవాలి, స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో మరీను.

కష్టం ఎక్కువ ఉంటే మంచి సిరీస్ అనుకోవడం పెద్ద పొరపాటు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ ఫిజిక్స్ లెక్కల్ని నీట్ పేరుతో ఇచ్చేవి చాలా ఉన్నాయి. పూర్తిగా తేలికైనవీ అంతే చేటు. 2025లో దేశంలో మొదటి ర్యాంకుకే వచ్చింది 686. మాక్ టెస్టుల్లో ప్రతివారం 690 చూపించే సిరీస్‌ని నమ్ముకుంటే, పరీక్ష హాల్లో మొదటి పది ఫిజిక్స్ ప్రశ్నలకే చేతులు చల్లబడతాయి.

పాత పేపర్ల విలువకి సాటి వచ్చేది లేదు, వాడే పద్ధతి తెలియాలి అంతే. 2016–2020 పేపర్లలో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఇప్పటి పద్ధతీ అదే కాబట్టి, తీసేసిన పాఠాల ప్రశ్నలు కొట్టేసి నేరుగా రాయొచ్చు. 2021–2024 పేపర్లు వేరు: ఒక్కో సబ్జెక్టులో 35 తప్పనిసరి, ఇంకో 15లో ఏవైనా పది రాసే ఛాయిస్. 2025 నుంచి ఆ ఛాయిస్ పోయింది. వీటిని రాసేటప్పుడు 15లో మొదటి పదే తీసుకుని, సులువైనవి ఏరుకోకుండా 180 నిమిషాల్లో ముగించాలి. ఇంకో మాట: చాప్టర్‌వైజ్ పుస్తకంలో ఈ ప్రశ్నలన్నీ ముందే చేసేస్తే పూర్తి పేపర్ రాసినా ఉపయోగం ఉండదు, జవాబులు గుర్తుండిపోతాయి. చివరి మూడేళ్ల పేపర్లు ముట్టుకోకుండా దాచుకోండి.

ఆన్‌లైన్ టెస్టులు పాఠాలవారీ సాధనకి చాలు. గ్రాండ్ టెస్ట్ మాత్రం కాగితం మీద, ఓఎంఆర్‌తో (వృత్తాలు దిద్దే జవాబు పత్రంతో), మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా రాయాలి. 180 వృత్తాలు దిద్దడానికి ఒక్కోదానికి 4 సెకన్లు వేసుకున్నా 12 నిమిషాలు పోతాయి. స్క్రీన్ మీద ఈ 12 నిమిషాలు కనిపించవు. పెన్నుతో దిద్దింది చెరపలేం కూడా. ఈ దిద్దడం (బబ్లింగ్) అంతా చివరికి వాయిదా వేస్తే ఒక వరుస జారి కింద ఉన్నవన్నీ తప్పుతాయి. పేజీ అయిన వెంటనే దిద్దడమే క్షేమం.

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) బిట్ బ్యాంకులతో నీట్ సాధన చేయొద్దు. అక్కడ నెగటివ్ మార్కులు లేవు, అన్నీ గుర్తించేయడం అలవాటవుతుంది. ఇక్కడ సరైనదానికి 4, తప్పుకి మైనస్ 1. రావాల్సిన ప్రశ్న తప్పితే తేడా 5 మార్కులు. రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే గుర్తించడం లాభమే. ఏదీ కొట్టేయలేకపోతే వదిలేయడం మేలు.

తెలుగు మీడియం వాళ్లకి: తెలుగు అకాడమీ పుస్తకాలు అర్థం చేసుకోవడానికి చాలా బాగుంటాయి, మెటీరియల్ మాత్రం రెండు భాషల్లో ఉన్నదే తీసుకోండి. పేపర్ తెలుగు, ఇంగ్లిష్ రెండింట్లో ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠానిదే తుది మాట. సమవిభజన అంటే మైటాసిస్ అని, క్షయకరణ విభజన అంటే మియోసిస్ అని వెంటనే తట్టాలి.

చివరి ఆరు వారాల్లో వారానికి రెండు గ్రాండ్ టెస్టులు చాలు. మూడు గంటల టెస్టుకి కనీసం నాలుగు గంటల విశ్లేషణ పడుతుంది. ప్రతి తప్పు పక్కన తెలియక, తొందరలో, ప్రశ్న సరిగ్గా చదవక, బబ్లింగ్‌లో అని నాలుగింటిలో ఒక కారణం రాయండి. తెలియక పోయినవాటికి ఎన్‌సీఈఆర్‌టీ పేజీ నంబరు వేసి, తర్వాతి టెస్టుకి ముందురోజు ఆ పేజీలే తిరగేయండి.