కమ్యూనిటీ కాలేజీకి డబ్బు ఏ లెక్కన ఇవ్వాలి: చేరినవాళ్లను చూసా, పూర్తిచేసినవాళ్లను చూసా?

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) ఫీజు యూనిట్‌కు, అంటే ఒక క్రెడిట్‌కు, 46 డాలర్లు. 2012 నుంచి అదే రేటు. కానీ ఆ ఫీజులతో కాలేజీ నడవదు. నడిపించేది రాష్ట్ర నిధులు, స్థానిక ఆస్తిపన్ను. ఏ కాలేజీకి ఎంత ఇవ్వాలో తేల్చడానికి అమెరికాలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ఎంతమంది చేరారో చూసి ఇవ్వడం ఒకటి, ఎంతమంది పూర్తిచేశారో చూసి ఇవ్వడం ఇంకొకటి. పిల్లల్ని రెండేళ్లు ఇక్కడ చదివించి యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు) ట్రాన్స్‌ఫర్ చేయిద్దామనుకునే మన కుటుంబాలకు ఇదంతా ఆఫీసు గొడవలా అనిపించవచ్చు. కానీ మీ అమ్మాయికి వచ్చే సెమిస్టర్‌లో కావలసిన ఫిజిక్స్ క్లాసు ఉంటుందా, ఉండదా అన్నది చాలావరకు ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు తలలెక్క సంగతి. కాలిఫోర్నియాలో 525 గంటల బోధనను ఒక పూర్తికాలపు విద్యార్థిగా లెక్కిస్తారు. వారానికి 15 గంటలు, 35 వారాలు అన్నమాట. ఉద్యోగం చేస్తూ ఒకటి రెండు క్లాసులు తీసుకునేవాళ్లు ముగ్గురో నలుగురో కలిస్తే ఒక విద్యార్థి అవుతారు. మామూలు సెమిస్టర్ క్లాసుల్లో ఈ లెక్క సెన్సస్ రోజున తీస్తారు. టర్ములో అయిదో వంతు గడిచేసరికి ఆ రోజు వస్తుంది. అప్పటికి రోల్లో పేరుంటే చాలు. ఎనిమిదో వారంలో మానేసినవాడికీ, చివరిదాకా ఉండి ‘A’ గ్రేడు తెచ్చుకున్నవాడికీ ఈ లెక్కలో తేడా లేదు.

దీనిలో ఒక గొప్ప మేలుంది. ఎవరినీ కాదనాల్సిన అవసరం కాలేజీకి రాదు. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టిన తల్లి, రాత్రి షిఫ్టు చేసి పొద్దున క్లాసుకొచ్చే కుర్రాడు, ఇంగ్లిష్ సరిగా రాని వలస కుటుంబం పిల్ల, అందరూ కాలేజీకి సమానమే. పాఠం చెప్పేవాళ్లకు కూడా గ్రేడు విషయంలో స్వేచ్ఛ ఉంటుంది. ఫెయిల్ చేస్తే కాలేజీకి డబ్బు తగ్గుతుందన్న టెన్షన్ ఉండదు.

నష్టం క్లాసుల షెడ్యూల్లో కనిపిస్తుంది. 38 మంది కూర్చునే గదిలో పదకొండు మందే చేరితే ఆ సెక్షన్ కాలేజీకి భారం. అలా ముందుగా రద్దయ్యేవి పై స్థాయి క్లాసులే: మూడో కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ఫిజిక్స్ సీక్వెన్సులో (ఒకదాని తర్వాత ఒకటి చదవాల్సిన క్లాసుల వరుసలో) చివరిది. కింది క్లాసులు నిండుతాయి కాబట్టి అవి ఉంటాయి. ఫిజిక్స్ చివరి క్లాసు ఏడాదికి ఒక్కసారే పెట్టే కాలేజీలో అది రద్దయితే, ఇంజనీరింగ్‌కు ట్రాన్స్‌ఫర్ కావలసిన విద్యార్థికి ఏకంగా ఒక ఏడాది పోతుంది. పైగా చరిత్ర క్లాసుకూ నర్సింగ్ క్లాసుకూ ఒకటే రేటు. నర్సింగులో ఆసుపత్రి శిక్షణకు చిన్న బృందాలు కావాలి, పరికరాలు కావాలి. ఊరికి అవసరమైన కోర్సే కాలేజీ లెక్కల్లో నష్టం తెచ్చే కోర్సు అవుతుంది. సెక్షన్ రద్దయితే పార్ట్‌టైమ్ లెక్చరర్ జీతమూ పోతుంది. కాలిఫోర్నియాలో ఎక్కువమంది లెక్చరర్లు పార్ట్‌టైమే. ఒకే కాలేజీ జిల్లాలో (కాలేజీలను నడిపే స్థానిక పాలక విభాగంలో) పూర్తి పనిలో 67 శాతం మించి ఇవ్వకూడదన్న నిబంధన ఉండడంతో, వాళ్లు రెండు మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతూ బతుకుతారు. అలాంటి మనిషిని క్లాసు అయ్యాక డౌట్లు అడగడానికి విద్యార్థికి సమయం ఎక్కడ దొరుకుతుంది?

మన ఫీజు రీయింబర్స్‌మెంట్ చూసినవాళ్లకు ఈ ధోరణి తెలిసిందే. 2008 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సీటు నిండితే డబ్బు వస్తుందని తేలగానే కాలేజీలు పుట్టుకొచ్చాయి, అడ్మిషన్ల కోసం పీఆర్వోలు ఊళ్లు తిరిగారు.

ఇక రెండో పద్ధతి. టెన్నెసీ 2010లో చట్టం చేసి చేరికల లెక్కను పక్కన పెట్టింది. విద్యార్థి ఎన్ని క్రెడిట్ల మజిలీ దాటాడు, డిగ్రీ వచ్చిందా, ట్రాన్స్‌ఫర్ అయ్యాడా అన్నవే చూస్తుంది. పేద విద్యార్థులకు, వయసు మీరి చేరినవాళ్లకు అదనపు వెయిటేజీ ఇస్తుంది. టెక్సస్ 2023లో ఇదే దారి పట్టింది. వినడానికి న్యాయంగానే ఉంది. డబ్బు ఊరికే పోకూడదు కదా.

అయితే వాషింగ్టన్ రాష్ట్రం అనుభవం గమనించాలి. అక్కడ 2007లో ఇలాంటి ప్రోత్సాహక పథకం పెట్టారు. పరిశోధకులు చూస్తే స్వల్పకాలిక సర్టిఫికెట్లు పెరిగాయి, రెండేళ్ల డిగ్రీలు మాత్రం పెరగలేదు. ఫలితానికి వెల కడితే తేలిగ్గా దొరికే ఫలితమే ముందు వస్తుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది గ్రేడు మీద పడే ఒత్తిడి. పాస్ అయితేనే కాలేజీకి డబ్బు అన్నప్పుడు, పాస్ చేయించే పనీ పాస్ చేసే అధికారమూ ఒకరి చేతిలోనే ఉన్నాయి. విద్యార్థి నేర్చుకున్నాడో లేదో ఎవరు చూస్తారు?

కాలిఫోర్నియా 2018లో మధ్యేమార్గం ఎంచుకుంది: సుమారు 70 శాతం చేరికల మీద, 20 శాతం పేద విద్యార్థుల సంఖ్య మీద, 10 శాతం ఫలితాల మీద. చేరికలకు మూడేళ్ల సగటు తీస్తారు కాబట్టి ఒక్క చెడ్డ ఏడాదికి కాలేజీ కుప్పకూలదు. శాన్ మాటియో, వెస్ట్ వ్యాలీ–మిషన్ లాంటి జిల్లాలకు ఆస్తిపన్నే సూత్రం లెక్కను మించి వస్తుంది. వాటికి తలలెక్క టెన్షన్ తక్కువ. ఇళ్ల ధరలు ఎక్కువగా ఉన్న ఊళ్లోని కాలేజీ చిన్న క్లాసును నడుపుకోగలిగి, పేద ఊరి కాలేజీ రద్దు చేసుకోవాల్సి రావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అసలు చదువు పూర్తిచేయించేదేమిటో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన ఏశాప్ కార్యక్రమం చూపించింది. విద్యార్థి ఫుల్‌టైమ్ చదవాలి. బదులుగా తరచూ కలిసే సలహాదారు, ట్యూషన్, పుస్తకాల ఖర్చుకు సాయం, మెట్రో కార్డు. లాటరీతో ఇందులోకి ఎంపికైనవాళ్లను కానివాళ్లతో పోల్చి చూస్తే మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు 22 శాతం నుంచి 40 శాతానికి పెరిగారు. ఒహాయోలో మూడు కాలేజీల్లో పెడితే అక్కడా దాదాపు రెట్టింపు. ఒక్కో విద్యార్థి మీద కాలేజీ పెట్టే ఖర్చు ఎక్కువే, ఒక్కో డిగ్రీకి పడే ఖర్చు మాత్రం తక్కువ. ఇక్కడ డబ్బు ముందే ఇచ్చారు. ఫలితం వచ్చాక బహుమతిగా ఇవ్వలేదు.

అందుకే రెండిట్లో ఏది మేలంటే నా ఓటు తలలెక్కకే, కొన్ని మార్పులతో. ఖర్చెక్కువైన కోర్సుకు రేటు పెంచాలి. సీక్వెన్సులో చివరి క్లాసు ఎంతమంది చేరినా నడిచేలా విడిగా నిధి ఉండాలి. పేద విద్యార్థికిచ్చే 20 శాతాన్ని ఇంకా పెంచాలి. ఫలితాల భాగం చిన్నదిగానే ఉండాలి, అది కూడా లెక్చరర్ గ్రేడు మీద కాకుండా ట్రాన్స్‌ఫర్, తర్వాతి జీతం లాంటి వాటి మీద.

ఈలోగా పిల్లల్ని చేర్చేవాళ్లు కౌన్సెలర్‌ను ఒక్క విషయం తప్పకుండా అడగండి: ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన సీక్వెన్సులో చివరి క్లాసు గత రెండేళ్లలో రద్దయిందా, అయితే పక్క కాలేజీలో తీసుకున్న యూనిట్లు చెల్లుతాయా అని.