రైస్ బౌల్ రివ్యూ: తపస్సు కాలమంతా మా డైనింగ్ టేబుల్ మీదుండే అట్టపెట్టె

అమెరికాలో క్యాథలిక్ గుడికి వెళ్ళే మనవాళ్ళు దీన్ని చూసే ఉంటారు. పాస్కాకి (ఈస్టర్‌కి) ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలాన్ని తపస్సు కాలం అంటాం, అది మొదలయ్యే విభూది బుధవారానికి కాస్త అటూ ఇటూగా గుడి గుమ్మం దగ్గర బల్ల మీద చదునుగా మడిచిన అట్టలు కట్టలు కట్టలుగా పెడతారు. ఇంటికి తెచ్చి మడతలు విప్పి అంచులు దూర్చితే చిన్న పెట్టె అవుతుంది, పైన డబ్బులు వేయడానికి ఒక చీలిక. సీఆర్ఎస్ (క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్) రైస్ బౌల్ అంటారు. ఊరికే ఇస్తారు. చాలా ఇళ్ళల్లో అది ఫ్రిజ్ మీదకెక్కి, పాస్కా పండగ నాటికి అడుగున కాసిన్ని చిల్లర నాణేలతో తిరిగి గుడికి వెళ్తుంది, ఆ చిల్లర కూడా పడని ఇళ్ళూ ఉంటాయి. ఊరికే వచ్చిన అట్టపెట్టెకి ఇంత పెద్ద రివ్యూ ఎందుకంటారా, పిల్లలున్న ఇంట్లో తపస్సు కాలం నడపడానికి నేను తెచ్చిన వాటిలో దీనంత పనికొచ్చింది ఇంకోటి లేదు కాబట్టి. ప్రార్థన యాప్‌లు, రంగులు వేసే క్యాలెండర్లు, పిల్లల కోసం బొమ్మల సిలువ మార్గం, అన్నీ మంచివే, కానీ మా పిల్లలు రెండో వారానికల్లా వాటిని పక్కన పడేస్తారు. దీన్ని మాత్రం వదలరు.

దీని పుట్టుక కొంచెం తెలిస్తే వాడే తీరు అర్థమవుతుంది. 1975లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్ మేత్రాసనంలో (ఒక బిషప్పు కింద ఉండే గుళ్ళన్నీ కలిపి మేత్రాసనం) మొదలుపెట్టారు, అప్పట్లో ఆఫ్రికాలో సహేల్ ప్రాంతమంతా కరువుతో అల్లాడుతోంది. కుటుంబమంతా కూర్చుని ఒక పూట సాదా భోజనం చేయాలి, మామూలుగా అయ్యే ఖర్చులో మిగిలింది పెట్టెలో వేయాలి, ఆ పూట కూడా తిండి లేని వాళ్ళ కోసం ప్రార్థన చేయాలి, అంతే. 1977లో క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ దీన్ని తన కార్యక్రమంగా తీసుకుంది. ఆ సంస్థని అమెరికా బిషప్పులు రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1943లో పెట్టారు, ఇండియాలో కూడా 1946 నుంచి పనిచేస్తోంది. పెట్టెలో పడిన దాంట్లో 75 శాతం ఇతర దేశాల్లో ఆకలి, పేదరికం మీద చేసే పనులకి వెళ్తుంది, 25 శాతం మన మేత్రాసనంలోనే ఆగి ఇక్కడి పేదల కోసం ఖర్చవుతుంది. నాకు ఈ 25 శాతం ముఖ్యం. ఆకలి అంటే ఎక్కడో ఆఫ్రికాలోనే ఉంటుందని పిల్లలు అనుకోకూడదు, మన గుడి పక్క వీధిలో కూడా ఉంటుంది. ఇంకో సంగతి, 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేసినప్పుడు ఎక్కువ దెబ్బ తగిలిన వాటిలో ఈ సంస్థ కూడా ఉంది. అప్పటి నుంచి ఈ పెట్టెని ఇంకా సీరియస్‌గా తీసుకుంటున్నాను, ప్రభుత్వం చేసే పని మా పెట్టెలో డబ్బులు చేస్తాయని కాదు, చేతనైనంత మనం చేయాలని.

ఇక అసలు వాడకం. నా ఉద్దేశంలో ఈ పెట్టెకి ఒకే ఒక్క రూలు ఉండాలి: తినకుండా మిగిల్చిన డబ్బే ఇందులో పడాలి, ఎక్కువై ఉన్న డబ్బు కాదు. ఇది పాటించకపోతే అది మామూలు హుండీయే. మా ఇంట్లో శుక్రవారం రాత్రి అంటే బయట నుంచి బిర్యానీ తెచ్చుకునే రోజు. నలుగురికి బిర్యానీలు, ఒక అపెటైజర్, ట్యాక్స్, టిప్ కలిపి డెబ్బై డాలర్లు అవుతుంది. తపస్సు కాలం శుక్రవారాల్లో అదే పూట పప్పుచారు, బంగాళాదుంప వేపుడు, అప్పడాలు. సరుకులకి పది డాలర్లు కూడా కావు. మా చిన్నదానికి తొమ్మిదేళ్ళు, లెక్కలంటే ప్రాణం, పాత బిర్యానీ బిల్లు తీసి పక్కన పెట్టుకుని కాగితం మీద తీసివేత వేసింది. అరవై అని వచ్చాక నా మొహంలోకి చూసి "అమ్మా, నిజంగా అరవై వేసేస్తావా?" అంది. వేశాను. మూడు ఇరవైలు ఒక్కొక్కటే మడిచి తనే చీలికలోంచి లోపలికి తోసింది, మూడోది సగంలో ఇరుక్కుంటే చెంచా కాడతో నెట్టింది. ఉపవాసం గురించి నేను ఎంత చెప్పినా ఎక్కనిది దానికి ఆ పూట ఎక్కింది.

విభూది బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం పూజలో మొదటి పఠనం యెషయా 58వ అధ్యాయం. ఆకలిగొన్న వాడితో నీ అన్నం పంచుకో, నేను కోరే ఉపవాసం అదే అంటాడు దేవుడు. ఆ పఠనం ఇంట్లో చదువుకుని ఆ రాత్రే పెట్టెలో మొదటిసారి డబ్బు వేస్తే వాక్యానికీ పనికీ మధ్య దూరం ఉండదు. దానం లేని ఉపవాసం డైటింగ్ అయిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను, మా ఫ్రెండ్స్‌లో కొందరికి ఈ మాట నచ్చదు, అయినా అంటాను.

మా అత్తయ్యది ఫిరంగిపురం. బాలయేసు గుడి గంటకి లేచి, ఆ గంటకే పడుకున్న మనిషి. ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడకి వింతగా అనిపించింది ఫిష్ ఫ్రై. ఇక్కడ తపస్సు కాలం శుక్రవారాల్లో గుడి హాల్లో నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే క్యాథలిక్ మగవాళ్ళ సంఘం వాళ్ళు వేయించిన చేపలు, బంగాళాదుంపలు, కోల్‌స్లా పెట్టి ఊరందరినీ కూర్చోబెడతారు. శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళు నిండిన వాళ్ళు ఆ శుక్రవారాల్లో మాంసం మానాలి, చేపకి అడ్డు లేదు. అత్తయ్య ఒప్పుకోదు కదా. "చేప నీచు కాదంటే ఎట్టా అమ్మాయ్? మా ఇంట్లో నలభై రోజులూ గుడ్డు కూడా పగలగొట్టేవాళ్ళం కాదు" అంది. నేను వాదించలేదు. ఫిష్ ఫ్రైలో తప్పేం లేదు, విచారణలో (అంటే మా గుడి సంఘంలో) కొత్తగా వచ్చిన వాళ్ళు నలుగురితో కలిసేది అక్కడే, మేమూ వెళ్తాం. కానీ అక్కడ తిన్న శుక్రవారం పెట్టెలో పడేది తక్కువ. పద్నాలుగు నిండిన మా పెద్దాడు ఆ తేడా చూసి, వచ్చే వారం ఇంట్లోనే తిందామన్నాడు. వాడికి నేను చెప్పలేదు.

పెట్టె చూడగానే అత్తయ్య పిడికెడు బియ్యం గురించి చెప్పింది. మన ఊళ్ళల్లో తెలియనిదేం కాదు, ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తీసుకెళ్ళడం. అత్తయ్య ఇప్పటికీ చేస్తుంది. మా వంటింట్లో కూడా రైస్ కుక్కర్ పక్కన ఒక స్టీలు డబ్బా పెట్టుకుంది. వారం చివర ఆ బియ్యం విలువ కట్టి డబ్బు పెట్టెలో వేయిస్తుంది, పైసా తగ్గనివ్వదు. పిల్లలు "నాయనమ్మా, ఈ పూట తీశావా?" అని గుర్తుచేయడం మొదలుపెట్టారు.

పెట్టెతో పాటు ఒక క్యాలెండర్ వస్తుంది, రోజుకో చిన్న పని లేదా ప్రార్థన, ఏటా కొన్ని దేశాల కుటుంబాల కథలు, ఆయా దేశాల మాంసం లేని వంటలు. కథలు బాగుంటాయి. ఒక తల్లి నీళ్ళకి ఎంత దూరం నడుస్తోంది, పిల్లని బడికి పంపడానికి ఏం అమ్ముతోంది, ఇలా ఉంటాయి. ఆ తల్లి కోసం జపమాలలో ఒక పది, అంటే మరియమ్మకి చేసే ప్రార్థన పదిసార్లు, చెప్పుకుంటాం. ఆఫీసు లాప్‌టాప్ మూసి వంట చేసి పిల్లల హోంవర్క్ చూసేసరికి నాకు ప్రార్థనకి ఓపిక ఉండదు, ఒకప్పుడు కళ్ళు మూతలు పడుతుండగా పెదాలు కదిపేదాన్ని. ఇప్పుడు నాకు తెలిసిన ఒక మనిషి కోసం అడుగుతున్నట్టుంటుంది, నిద్ర రాదు. తల్లిగా నాకు ఈ పెట్టె చేసిన మేలు ఇదే అనుకుంటాను, మరియమ్మ దగ్గర ఇంకో తల్లి పేరు చెప్పి అడగడం నేర్చుకున్నాను.

వంటలు మాత్రం మన నోటికి చప్పగా ఉంటాయి. బియ్యం, బీన్స్, పప్పుల మీదే ఎక్కువ, కాబట్టి మార్చుకోవడం తేలికే, రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి ఆవాలు, జీలకర్ర తాలింపు పెడితే ఎవరూ వంక పెట్టరు. కాగితాలు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉంటాయి, అత్తయ్య కోసం పెద్దాడు వచ్చీరాని తెలుగులో చెప్తాడు, వాడి తెలుగుకీ మంచిదే.

నాకున్న అసలు ఇబ్బంది వేరే. ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ క్యాష్ ఉండదు. ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు, సులువు కూడా, కానీ ఫోన్‌లో నేను నొక్కితే పిల్లలకి ఏమీ కనపడదు, పెట్టె ఖాళీగా కూర్చుంటుంది. అందుకే నెల మొదట్లో బ్యాంకు నుంచి చిన్న నోట్లు తెచ్చి పెట్టుకోండి. నాణేలు ఎక్కువ వేసేవాళ్ళు ముందే అడుగున టేపు వేయండి, అట్టే కదా. ఇంకోటి, పక్కింటి పిల్లల పెట్టెతో పోటీ పెట్టకండి. మా చిన్నది స్కూల్లో ఎంత వేశామో చెప్పుకోబోతే విభూది బుధవారం సువిశేషం మళ్ళీ చదివించాను, మత్తయి 6వ అధ్యాయం, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని. ఆ రోజు నుంచి మొత్తం ఎంతయిందో పాస్కాకి ముందు ఇంట్లో ఒక్కసారే లెక్కపెడతాం, బయట అనం, అందుకే ఇక్కడా మొత్తం రాయడం లేదు.

తీసుకోవాలనుకునే వాళ్ళు విభూది బుధవారం నాడే గుడి గుమ్మం దగ్గర చూడండి, అయిపోతే విచారణ ఆఫీసులో అడగండి. పిల్లలకి తలా ఒకటి ఇవ్వకుండా ఇంటికి ఒకటే తెచ్చి అందరూ తినే చోట పెట్టండి. తిరిగి ఎప్పుడు ఇవ్వాలో మీ గుడి బులెటిన్‌లో ఉంటుంది, కొన్ని చోట్ల పాస్కాకి ముందు వచ్చే పవిత్ర గురువారం, కొన్ని చోట్ల పాస్కా తర్వాత. నోట్లు, చిల్లర అలాగే ఇచ్చే బదులు చెక్కు రాసి ఇస్తే లెక్కపెట్టే వాలంటీర్లకి పని తగ్గుతుంది.